రాస్ మర్వాన్‌లో ఆగిపోయిన ఉత్తరాలు

జర్మనీలోని కెమ్నిట్జ్‌లో చదువుకునే తెలుగు పిల్లలకి గిరిజగారంటే తెలియకపోవచ్చు గానీ ట్రామ్ ఆంటీ అంటే తెలియని వాళ్లు లేరు. ముప్ఫై ఏళ్లు ఆ ఊళ్లో ట్రామ్ నడిపింది. చివరి పదేళ్లలో ఇండియా నుంచి వచ్చే పిల్లలు ఎక్కువయ్యారు. పెద్ద పెద్ద పెట్టెలతో తప్పు బండి ఎక్కి, "ఒరేయ్, యూనివర్సిటీ స్టాప్ ఇదేనంటావా?" అని గుసగుసలాడుకుంటూ ఉంటే, మైకులోంచి "ఇది కాదు బాబూ, ఇక్కడ దిగి అవతలి వైపు బండి ఎక్కండి" అని అచ్చమైన కృష్ణా జిల్లా మాట వినిపించేది. పిల్లలు ఉలిక్కిపడి చుట్టూ చూసేవాళ్లు. ఆమె మాత్రం పట్టాల మీద నుంచి చూపు తిప్పేది కాదు.

ఆమె ఆ ఊరికి వచ్చింది 1978లో, ఇరవయ్యో ఏట. అప్పుడు ఆ ఊరి పేరు వేరు, ఆ దేశం పేరూ వేరు. తండ్రి దివిసీమలో బడిపంతులు, కమ్యూనిస్టు పార్టీ మనిషి. పార్టీ ద్వారా తూర్పు జర్మనీ ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం ఒకటి వస్తే, కొడుకుని కాదని కూతుర్ని పంపించాడు. నూలు వడికే యంత్రాలు తయారు చెయ్యడంలో ఆ ఊరు అప్పట్లో పేరు మోసింది. గిరిజ ఆ యంత్రాల నమూనాలు గీయడం నేర్చుకుంది. డిప్లొమాలో వాళ్ల తరగతికే మొదటిది. డాక్టరేట్‌కి చోటు నీదేనని ప్రొఫెసరు నోటితో చెప్పాడు. 1985లో జాబితా వచ్చింది. అందులో ఆమె పేరు లేదు. ఈ ఏడు ఖాళీ లేదని ఒక్క ముక్క రాసి పంపారు. మరుసటి ఏడు ఆ ముక్క కూడా రాలేదు.

ఆమె ఫ్యాక్టరీలో డ్రాయింగు బల్ల ముందు కూర్చుంది. యోర్గ్ అనే ఫిట్టర్ని పెళ్లి చేసుకుంది. బెర్లిన్ గోడ కూలింది, దేశం పోయింది, ఫ్యాక్టరీ మూతపడింది. యంత్రాలు గీసిన చేత్తో ట్రామ్ పిడి పట్టుకుంది. ఇందులో తనకి అన్యాయం జరిగిందని ఆమె ఎవరి దగ్గరా అన్నది లేదు. ట్రామ్ పని ఆమెకి నిజంగానే నచ్చింది. యోర్గ్ పోయి పదకొండేళ్లు. పిల్లలు లేరు. జోనెన్‌బెర్గ్‌లో మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, గురువారం గురువారం మార్గిట్ దగ్గర కాఫీ, ఇదీ ఆమె విశ్రాంత జీవితం.

మార్గిట్ ఆమె హాస్టల్ గదిలో మూడేళ్లు కలిసి ఉన్న జర్మన్ అమ్మాయి. తర్వాత అదే ఫ్యాక్టరీలో పక్క బల్ల. గిరిజ పెళ్లికి సాక్షి సంతకం పెట్టింది ఆవిడే. ఇప్పుడు కాస్‌బెర్గ్ కొండ మీద ఒక్కతే ఉంటోంది.

నిరుడు సెప్టెంబరులో సరయు అనే అమ్మాయి ఫోన్ చేసింది. లైప్‌జిగ్ యూనివర్సిటీలో చరిత్ర పరిశోధిస్తోందట. తల్లిదండ్రులు వరంగల్ నుంచి వచ్చిన డాక్టర్లు, తను డ్రెస్డెన్‌లోనే పుట్టింది. మర్నాడే ఒక పెద్ద కాగితాల కట్ట చంకన పెట్టుకుని మూడంతస్తులూ ఎక్కి వచ్చింది.

"ఆంటీ, నేను తెలుగు మాట్లాడతా గానీ చదవరాదు. చిన్నప్పుడు మమ్మీ నేర్పిస్తానంది, నేనే కూచోలేదు. ఇక్కడి స్టూడెంట్స్‌కి చూపించా. వాళ్లు కూడా ఇది తెలుగేనా అని డౌట్ పడుతున్నారు. ట్రామ్ ఆంటీని అడుగు, ఆమె పాతకాలం మనిషి అన్నారు. సారీ, వాళ్లు అన్నదే చెప్తున్నా."

గిరిజ నవ్వి కాగితం అందుకుంది. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసుకుంటూ పోయిన రాత. గొలుసుకట్టు. వాళ్ల తాత కరణం. ఆయన పెట్టె నిండా ఇలాంటి కాగితాలే ఉండేవి. వేసవి సెలవుల్లో తండ్రి పక్కన కూర్చోబెట్టుకుని ఆ గొలుసులు విప్పడం ఆటలాగా నేర్పాడు.

"తెలుగే. ఎక్కడిదిది?"

సరయు చెప్పింది. రాస్ మర్వాన్ గల్ఫ్ తీరంలో ఒక చిన్న రేవు. ముత్యాలు ఏరుకునే పల్లె. చమురు పడ్డాక పైపులొచ్చాయి, ఓడలొచ్చాయి, వాటి వెనకే కూలీలొచ్చారు. అక్కడ పేరుకి షేక్‌గారి రాజ్యం, పెత్తనం మాత్రం ఒక ఇంగ్లీషు దొరది. ఏజెంటు అనేవాళ్లు. ఆ ఏజెంటు రేవులో జరిగిన ప్రతిదీ వారం వారం రహస్య నివేదిక రాసి పైవాళ్లకి పంపాలి. ఆ నివేదికలకి కబుర్లు ఎవరు మోసేవాళ్లు అన్నదే సరయు పరిశోధన. ఆ వేగులకి పేర్లుండవు, ఎస్-1, ఎస్-2 అని గుర్తులే.

ఆమె ఒక నివేదిక చదివి, తెలుగులో చెప్పింది. 1946 జూలై రెండో వారం. ఎండ నూట పన్నెండు ఫారెన్‌హీట్ డిగ్రీలు. రెండు ఓడలు చమురు నింపుకుని వెళ్లాయి. షేక్‌గారికి పంటినొప్పి. బజారులో బియ్యం ప్రియం. మద్రాసీ కూలీల్లో నీళ్ల గురించి గొణుగుడు ఉన్నదని ఎస్-4 చెబుతున్నాడు.

"పంటినొప్పి కూడా రాశాడా?" అంది గిరిజ.

"అన్నీ రాస్తారాంటీ. ఏది పనికొస్తుందో రాసేటప్పుడు తెలీదు కదా."

గిరిజ లేచి వెళ్లి టీ పెట్టింది.

ఉత్తరాలు మొత్తం పదకొండు. కూలీలు పని ఆపుతారన్న పుకారు పుట్టిన వారం, ఏజెంటు మద్రాసీ లిపిలో ఉన్న టపా అంతా ఆపించాడు. చదువు రాని ఆ కూలీలకి ఉత్తరాలు రాసిపెట్టే మనిషి ఎస్-4. ఒక్కో ఉత్తరంలో ఏముందో ఇంగ్లీషులో రెండు మూడు వాక్యాల సారాంశం రాసివ్వమని ఏజెంటు అతన్నే అడిగాడు. పదకొండు ఉత్తరాలూ, పదకొండు సారాంశాలూ ఒకే ఫైలులో ఉండిపోయాయి. ఒక్కటి కూడా పోస్టులో పడలేదు.

మొదటి ఉత్తరానికి గిరిజకి రెండు రోజులు పట్టింది. ఆ తర్వాత చెయ్యి అలవాటైంది. భూతద్దం పెట్టుకుని, వంటింటి బల్ల దగ్గర కిటికీ వెలుగులో కూర్చుని పొద్దున్నే మొదలుపెట్టేది. అన్నీ సోంపేట, టెక్కలి వైపు వాళ్లవి. శ్రీరామ అని మొదలయ్యేవి. ఇక్కడ క్షేమం, అక్కడి క్షేమం వ్రాయించవలెను. ఇసుక తుఫాను. కాళ్ల పగుళ్లు. తమ్ముడి పెళ్లి ఆపవద్దు, నా కోసం చూడవద్దు. చివర ఒకే వరస: వ్రాసినది కాంపౌండరు దశరథరామయ్య.

ఆ చివరి వరస దగ్గర ఆమె మొదటిసారే ఆగింది. కూలీలకి ఉత్తరాలు రాసిపెట్టేవాడు ఎస్-4 అని ఇంగ్లీషు కాగితం చెబుతోంది. ఆ ఎస్-4 పేరేమిటో తెలుగు కాగితం చెబుతోంది. చమురు కంపెనీ ఆసుపత్రిలో మందులు కలిపే మనిషి. జబ్బుపడితే కూలీలు ముందు వెళ్లేది అతని దగ్గరికే.

తొమ్మిదింటికి సారాంశాలు సరిగ్గానే ఉన్నాయి. రెండిటికి లేవు.

ఏడో ఉత్తరం అప్పలస్వామి అనే అతను అన్నకి రాయించింది. "కంపెనీ వారు ఇచ్చే నీళ్లు ఉప్పు. ఇద్దరు పోయినారు. వచ్చే సోమవారం మేమెవ్వరం పైపుల దగ్గరకు పోము. అందరితో ఒట్టు వేయించినాను. నాకేమైనా అయితే పిల్లలను నీవు చూడవలెను." దాని సారాంశంలో ఎస్-4 ఇంగ్లీషులో రాసింది ఇది: తల్లి ఆరోగ్యం అడుగుతున్నాడు, గేదె ఈనిందా అని అడుగుతున్నాడు, ఆసక్తికరమైనది ఏమీ లేదు.

గిరిజ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివింది. వేగు అనుకున్నవాడు అప్పలస్వామిని దాచిపెట్టాడు. ఆమెకి ఆ పూటంతా మనసు తేలిగ్గా ఉంది. తొమ్మిదో ఉత్తరం దాకా.

తొమ్మిదోది నరసింహులు అనే అతను భార్య పైడమ్మకి రాయించాడు. "పిల్ల పుట్టినదని తెలిసినది. సంతోషం. మా అమ్మ పేరు పెట్టవద్దు, ముసలి పేరు. ఇక్కడ తాగను మంచినీళ్లు లేవు. ఎప్పుడూ అదే ధ్యాస. అందువల్ల పిల్లకు గంగ అని పేరు పెట్టుము. రొమ్ములో నొప్పిగా ఉన్నది. వచ్చేద్దామంటే మూడేళ్ల కాగితం అయితే గాని పోనివ్వరు." అంతే ఉత్తరం. దానికి సారాంశం: సోమవారం పని ఆపించేది తానేనని రాస్తున్నాడు, గంగ మీద ప్రమాణం చేస్తున్నాడు, వీళ్లలో ముఖ్యుడు ఇతనే.

తర్వాతి వారం నివేదికలో ఏజెంటు రాశాడు. ముఖ్యుణ్ణి బొంబాయి ఓడ ఎక్కించేశాం. అయినా సోమవారం కూలీలు పని ఆపారు. నాలుగు రోజుల తర్వాత కంపెనీ కొత్త నీళ్ల తొట్టి కట్టించడానికి ఒప్పుకుంది.

శనివారం సరయు వచ్చింది. రెండు ఉత్తరాలూ వినగానే కుర్చీలోంచి లేచి నిలబడింది.

"అంటే వీడు అప్పలస్వామిని కాపాడ్డానికి నరసింహులుని ఇచ్చేశాడు."

"అలాగే ఉంది."

"కానీ ఆంటీ, నరసింహులు సిక్ కదా. ఇంటికి పోవాలనుంది, కాంట్రాక్ట్ వదలదు. కాంపౌ... ఐ మీన్, ఎస్-4కి ఆ సంగతి తెలుసు, ఉత్తరం రాసింది వాడే. ఇలాగైనా పంపించేద్దాం అనుకున్నాడేమో."

కాంపౌండరు అన్న మాట గిరిజ అనువాదాల్లో ఎక్కడా లేదు. "కాంపౌండరని నీకెవరు చెప్పారు?" అంది.

"ఒక రిపోర్ట్‌లో ఉంది, ఎస్-4 హాస్పిటల్‌లో పని చేస్తాడని. కాంపౌండర్ అయి ఉంటాడని నా గెస్. పేరు మాత్రం మూడేళ్లుగా వెతుకుతున్నా, ఏ ఆర్కైవ్‌లోనూ లేదు." సరయు ఉత్తరాల ఫోటోల మీదకి వంగింది. "ఆంటీ, నాకు చదవరాదు గానీ, అన్నిటికీ ఎండింగ్‌లో ఒకే షేప్ కనిపిస్తోంది చూడండి. ఇక్కడ, ఇక్కడ. ఈ లైన్ ట్రాన్స్‌లేట్ చెయ్యలేదా?"

"అది మామూలు ముగింపేనమ్మా. ఇట్లు, విధేయుడు అని రాసుకుంటాం చూడు, అలాంటిది."

అనేసింది. అన్నాక వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు. పదకొండు అనువాదాల్లోనూ ఆ వరస తనే వదిలేసింది. ఆ మనిషికి మనవలుంటారు. డెబ్భై తొమ్మిదేళ్ల తర్వాత వాళ్ల తాతని వేగు అని అచ్చు వెయ్యడం దేనికి అనుకుంది. అది దయే అనుకుంది.

సరయు థాంక్స్ చెప్పి స్టేషన్‌కి వెళ్లిపోయింది. గిరిజ కప్పులు కడిగింది. కడిగిన కప్పునే మళ్లీ కడుగుతున్నానని మూడోసారికి గమనించింది. తెలిసిన భాషని అడ్డం పెట్టుకుని, తెలియని మనిషికి తప్పు సారాంశం చెప్పింది తను. ఎవరినో కాపాడుతున్నాననుకుంటూ చెప్పింది. దశరథరామయ్య కూడా ఏజెంటు గదిలో ఇలాగే నింపాదిగా చెప్పి ఉంటాడు.

రైలు లైప్‌జిగ్ చేరేలోగా ఫోన్ చేసింది.

"సరయూ, నీకు అబద్ధం చెప్పాను. ఆ చివరి వరసలో రాసినవాడి పేరుంది. కాంపౌండరు దశరథరామయ్య. రాసుకో."

రైలు చప్పుడులో కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఎందుకు దాచారాంటీ?"

"ఏమో. నా ఇష్టమొచ్చింది ఉంచి, ఇష్టం లేనిది తీసేసే హక్కు నాకుందనుకున్నాను. లేదు. అచ్చు వెయ్యాలో వద్దో మీరంతా కూర్చుని తేల్చుకోండి. చదివింది చదివినట్టు చెప్పడం వరకే నా పని."

ఫోన్ పెట్టేశాక కూడా ఆమెకి స్థిమితం చిక్కలేదు. వదిలేసిన వరస ఇదొక్కటే కాదు మరి.

ఆ పాత దేశం పోయాక, రహస్య పోలీసులు జనం గురించి రాసుకున్న కాగితాలు ఎవరివి వాళ్లు చూసుకోవచ్చని చట్టం వచ్చింది. ఊరంతా దరఖాస్తులు పెట్టింది. యోర్గ్ కూడా వెళ్లి చదివి వచ్చాడు, వారం రోజులు భోజనం దగ్గర మాట్లాడలేదు. గిరిజ మాత్రం "నా గురించి ఏముంటుంది, వంకాయ కూర తప్ప" అని కొట్టిపారేసింది. అసలు కారణం వేరు. విదేశీ అమ్మాయి మీద కన్నేసి ఉంచకుండా ఉండరు. ఆమె హాస్టల్ గదిలో ఉన్నది ఇద్దరే. రాసి ఉంటే మార్గిటే రాసి ఉండాలి. దరఖాస్తు పెడితే అది తేలిపోతుంది. ముప్ఫై ఏళ్లకి పైగా ఆమె పెట్టలేదు.

గురువారం కాస్‌బెర్గ్ ఎక్కింది. మార్గిట్ ఆపిల్ కేకు చేసింది. గిరిజ కోటు తీయకుండానే కూర్చుంది.

"ఒక్కటి అడుగుతాను మార్గిట్. హాస్టల్లో నా గురించి రాసేదానివా?"

మార్గిట్ చేతిలోని కత్తిని పళ్లెం అంచున ఆనించింది. ముఖంలో ఆశ్చర్యం లేదు.

"మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ రాశాను."

"ఏమని?"

"నువ్వు పశ్చిమ బెర్లిన్‌కి ఉత్తరాలు మోసేదానివి కదా."

అది నిజమే. గిరిజది భారత పాస్‌పోర్టు, గోడ దాటి వెళ్లి రావచ్చు. హాస్టల్లో ఇద్దరు అమ్మాయిలకి అవతల బంధువులున్నారు. వాళ్ల ఉత్తరాలు బియ్యం సంచీ అడుగున పెట్టుకుని నాలుగుసార్లు తీసుకెళ్లింది. దొరికితే ఆమెని విమానం ఎక్కించేవాళ్లు, ఆ అమ్మాయిల్ని జైల్లో పెట్టేవాళ్లు.

"మన అంతస్తు నుంచే ఎవరో మోస్తున్నారని వాళ్లకి వాసన తగిలింది," అంది మార్గిట్. "నువ్వు కాదని రాశాను. ఉత్త పిరికిది, బెర్లిన్ వెళితే బియ్యమూ కారమూ కొనుక్కొస్తుంది అని రాశాను. కానీ ఏమీ లేదు, ఏమీ లేదు అని మూడుసార్లు రాస్తే నమ్మరు గిరిజా. ఏదో ఒకటి ఇవ్వాలి. ఒకరోజు వంట చేస్తూ నువ్వొక మాట అన్నావు. మన ప్రొఫెసరు చేసిన యంత్రం స్విట్జర్లాండు వాళ్ల యంత్రానికి పదేళ్లు వెనకపడి ఉంది, ఆయనకీ తెలుసు, పైకి చెప్పడు అని. అది రాశాను. యంత్రం గురించి మాటే కదా, ఎవరికేం నష్టం అనుకున్నాను."

గిరిజకి ఆ సాయంత్రం గుర్తుంది. బంగాళదుంపలు తరుగుతూ అన్న మాట. అన్నందుకు కాస్త గర్వపడింది కూడా, అంత దూరం చూడగలిగానని.

"ఎనభై అయిదు జాబితా వచ్చినప్పుడు?"

"అప్పుడు అనుమానమొచ్చింది. అందువల్లేనా, కాదా, నాకు ఇప్పటికీ తెలియదు. అయి ఉండొచ్చు."

"నలభై ఏళ్లు నాకు కాఫీ పోశావు."

"పోశాను. నువ్వు అడిగితే చెప్పేద్దామని ఉండేది. అడక్కపోతే బాగుండునని కూడా ఉండేది."

గిరిజ లేచింది. కోటు ఎటూ తీయలేదు. మెట్లు దిగి, ట్రామ్ స్టాపులో నిలబడి, వచ్చిన బండిని పోనిచ్చి, కొండ కిందికి నడిచే వెళ్లింది. కోపం వస్తుందనుకుంది. వచ్చింది కూడా. అయితే మార్గిట్ మీద రాబోయి, తన మీదకి తిరిగి, ఆ పిలిపించి కూర్చోబెట్టిన వాళ్ల మీదకి పోయి, ఎక్కడా నిలవలేదు. ఉత్తరాల సంగతి మార్గిట్ రాసి ఉంటే ఈ ఊరూ లేదు, యోర్గూ లేడు, ట్రామూ లేదు. యంత్రం సంగతి రాయకపోయి ఉంటే తను డాక్టర్ గిరిజ. ఏది ఎంతకి సరిపోతుందో తూచే తక్కెడ ఏదీ ఆమెకి దొరకలేదు. ఆరు గురువారాలు వెళ్లలేదు. మార్గిట్ కూడా ఫోన్ చెయ్యలేదు.

ఈలోగా సరయు ఉత్తరాల్లో ఉన్న ఊరి పేర్లు పట్టుకుని వెతికింది. సోంపేట దగ్గర ఒక పల్లెలో నరసింహులు కూతురు బతికే ఉంది. డెబ్భై తొమ్మిదేళ్లు. ఉత్తరం వింటానంది. జనవరిలో ఒక మధ్యాహ్నం గిరిజ లైప్‌జిగ్ వెళ్లింది. యూనివర్సిటీ గదిలో పెద్ద తెర మీద, నెరిసిన జుట్టు నున్నగా దువ్వుకున్న పెద్దావిడ కనిపించింది. కోడలు ఫోన్ పట్టుకుంది. ఆవిడ పేరు సింహాచలం.

గిరిజ ఉత్తరం మొదలుపెట్టింది. తెరలో పెద్దావిడ కదలకుండా విన్నది. పిల్లకు గంగ అని పేరు పెట్టుము అన్న చోట చెయ్యి ఎత్తింది.

"ఆగమ్మా. అదేటి, మళ్లీ సదువు."

గిరిజ మళ్లీ చదివింది.

"మా అయ్య నన్ను గంగా అనే పిలిసీవోడు. నా పేరు సింహాచలం గదా, ఈ గంగ ఎవత్తని మా అమ్మ తిట్టీది. ఆయన సెప్పీవోడు కాడు. సచ్చినంతవరకూ గంగనే అన్నాడు." ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఉత్తరం రాయించేడన్నమాట. అందింది, అయినా అమ్మ పెట్టలేదనుకున్నాడో ఏటో."

మిగతాది విన్నాక ఆవిడే అడిగింది.

"మరి ఎందుకు తగిలేసారమ్మా? దొంగతనం సేసి దొరికిపోనాడని ఊళ్లో అనీవోరు. నా పెళ్లప్పుడూ అన్నారు. మా అయ్య పదకొండేళ్లు మిషను కుట్టి బతికేడు. ఒక్కరికీ బదులు సెప్పలేదు."

సరయు గిరిజ వైపు చూసింది. చెప్పాలా వద్దా అన్నట్టు కాదు, మీరే చెప్పండి అన్నట్టు.

"దొంగతనం కాదమ్మా," అంది గిరిజ. "అక్కడ నీళ్లు బాగాలేవని కూలీలు పని ఆపారు. ఆపించింది మీ నాన్నగారని ఒకాయన దొరకి అబద్ధం రాసిచ్చాడు. ఆపించింది ఇంకొకరు. ఈ ఉత్తరం రాసిపెట్టిన ఆయనే ఆ అబద్ధమూ రాశాడు. కాంపౌండరు దశరథరామయ్య."

"కాంపౌండరా?" పెద్దావిడ కాసేపు ఆలోచించింది. "మా అయ్య ఆయన పేరు సెప్పీవోడు. రొమ్ము నొప్పికి మందిచ్చేడని. ఓడ ఎక్కేటప్పుడు దార్లోకని సీసా సేతిలో పెట్టేడంట. మంచోడని సెప్పీవోడు."

సరయు కలం పట్టుకుని ఉంది గానీ రాయడం లేదు.

"అది కూడా రాసుకుంటామమ్మా," అంది గిరిజ.

"రాయండి. దొంగ కాదని మాత్రం పెద్దచ్చరాల్తో రాయండి. మా ఊరికి ఒక కాగితం పంపండి."

తిరుగు రైలు ఎక్కేసరికి మూడున్నర. పొలాల మీద పల్చగా మంచు పడి ఉంది. గిరిజ ఫోన్ తీసి, కొంతసేపు చేతిలో పట్టుకుని కూర్చుని, మార్గిట్‌కి చేసింది. పలకరింపు లేకుండా నరసింహులు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. మందు సీసా దగ్గర మార్గిట్ ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది.

"ఎందుకు చేశాడంటావు?" అంది మార్గిట్.

"తెలియదు. అడగడానికి ఆయన లేడు."

రైలు ఒక స్టేషన్‌లో ఆగి మళ్లీ కదిలింది.

"ఆ పోలీసుల దగ్గరున్న నా ఫైలు కోసం దరఖాస్తు పెడుతున్నాను మార్గిట్. గురువారం కాగితం పట్టుకొస్తాను. ఫైలు వచ్చాక నువ్వు రాసినవి నువ్వే చదివి వినిపించాలి."

"అన్నీనా?"

"అన్నీ. వంకాయ కూర గురించి ఉంటే అది కూడా."

"సరే," అంది మార్గిట్.

గురువారం ఇద్దరూ కూర్చుని దరఖాస్తు నింపారు. పాత హాస్టల్ చిరునామా గిరిజకి సగమే గుర్తుంది, గది నంబరు మార్గిట్ చెప్పింది. జవాబు రావడానికి ఏడాది దాటొచ్చని కాగితం అడుగున రాసి ఉంది. కేకు తినలేదు, కాఫీ మాత్రం తాగారు. అంతకుముందులా మాటలు వాటంతటవి రాలేదు. వెళ్లేటప్పుడు మార్గిట్ కూడా కోటు వేసుకుని, వీధి మలుపులో ఉన్న పసుపు పోస్టు డబ్బా దాకా వచ్చింది. కవరు లోపల పడిన చప్పుడు విన్నాక ఇద్దరూ చెరోవైపూ నడిచారు.